అక్క నోట ఇంగ్లీషు

ఆ ఇంట్లో అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. నిజానికి అలా పిలవాల్సింది తమ్ముడొక్కడే. వాడికి మాటలొచ్చే రోజుల్లో నేర్పడం కోసమని తల్లీ తండ్రీ కూడా అక్కా అక్కా అంటూ పోయారు, చివరికి అదే ఖాయమైపోయింది. తండ్రి పోయే ముందు కూడా "అక్కా, కాసిని మంచినీళ్ళు" అనే అడిగాడు. ఆమెకు పెళ్ళి ఒకటి జరిగింది, నిలవలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆమె పనిచేసేది కంటి ఆసుపత్రిలో. డాక్టరు దగ్గరికి పంపే ముందు రోగుల్ని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టాలి. తల వెనక్కి వాల్చమని, కింది రెప్ప కొంచెం లాగి, చుక్కల మందు వెయ్యాలి. మందు పట్టేదాకా కళ్ళు తెరవొద్దని చెప్పాలి. పట్టాక చెయ్యి పట్టుకుని మిషను దగ్గరికి నడిపించి, గడ్డం పలక మీద, నుదురు పట్టీకి ఆనేలా సర్దాలి. ఆమె చెయ్యి ఎంత మెత్తనంటే, చుక్క పడిందని తెలిసేలోపే పడిపోయేది. "అయిపోయిందా?" అని ఆశ్చర్యపోయేవాళ్ళు. కానీ ఆ మాట అనేది కూడా కళ్ళు మూసుకునే. ఇన్నేళ్ళలో ఇంతమందికి కళ్ళు పట్టి చూసినా, ఆమె ముఖం సరిగ్గా చూసిన రోగి ఒక్కరూ లేరు.

ముందు హాల్లో రిసెప్షన్ అమ్మాయి సంగతి వేరు. లోపలికి అడుగుపెట్టిన ప్రతి మనిషీ ముందు ఆమె ముఖమే చూస్తాడు. ఆమె కూర్చుని పనిచేస్తుంది, ఫోన్లు ఎత్తుతుంది, వేరే ఊళ్ళ నుంచి వేరే భాషల వాళ్ళొస్తే ఇంగ్లీషులో నవ్వుతూ నాలుగు ముక్కలు మాట్లాడి కూర్చోబెడుతుంది. ఆ అమ్మాయి కాన్పుకి వెళ్తోందనీ, మళ్ళీ రాదనీ తెలిశాక మేనేజరు ఒకరోజు లోపలి సిబ్బందినందర్నీ పిలిచి చెప్పాడు. "బయటివాళ్ళని తీసుకునే ముందు మీలో ఎవరైనా ఉంటే చూద్దామని డాక్టరుగారు అంటున్నారు. కానీ ఇంగ్లీషు రావాలి. రాయడం కాదు, నోటితో మాట్లాడాలి."

అక్కకి ఇంగ్లీషు చదవడం వచ్చు. మందు సీసాల మీద అక్షరాలు చదివీ చదివీ అలవాటైంది. నోటి దాకా వచ్చేసరికే చిక్కు. డాక్టరు మిషను ముందు రోగిని కూర్చోబెట్టి ఇంగ్లీషులో ఒక మాట అడుగుతుంటాడు, ఇబ్బందేం లేదు కదా, హాయిగా ఉందా అని. ఆ ఒక్క మాటా తను కూడా అడగగలిగితే బాగుండునని ఆమెకి ఎప్పట్నుంచో ఉంది.

ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడు ఒకడున్నాడు. అందుకే ధైర్యం చేసింది.

తమ్ముణ్ణి ఇంట్లో చిన్నోడంటారు. చక్కగా చదివాడు, ఎక్కడెక్కడివాళ్ళతోనో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం చేశాడు. ఆ కంపెనీ మూతపడ్డాక వచ్చి గదిలో పడ్డాడు. మొదట్లో ఇంటర్వ్యూలకి వెళ్ళేవాడు. తర్వాత వెళ్ళడం మానేశాడు. గదిలో కూర్చుని ఇంగ్లీషు నేర్పే వీడియోలు తీసి నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాడు, వాటిని చూసే నాథుడు లేడు. తలుపు వేసుకుంటే అన్నానికే తీసేవాడు, ఒక్కోసారి అన్నానికి కూడా తీసేవాడు కాదు. తల్లి పళ్ళెం గడప దగ్గర పెట్టి, "ఒరే నాన్నా, చల్లారిపోతుందిరా" అని తలుపుతో మాట్లాడి వచ్చేది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం అక్క డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ తలుపు తట్టింది.

"ఏంటి?"

"నాకు కాస్త ఇంగ్లీషు మాట్లాడటం నేర్పరా."

లోపల మంచం కిర్రుమంది. తర్వాత గడియ తీసిన శబ్దమైంది.

వాడు ఆమెని మంచం అంచున కూర్చోబెట్టి, ఫోను స్టాండుకి తగిలించి ఎదురుగా పెట్టాడు. "ఇదెందుకురా?" అంటే, "నీ నోరెలా తిరుగుతోందో తర్వాత నీకే చూపిస్తా, అద్దంలో చూసుకున్నట్టుంటుంది" అన్నాడు. నిజమే కదా అనుకుంది.

"ఏం నేర్చుకోవాలి ముందు?"

"అదే, డాక్టరుగారు అడుగుతారే, హాయిగా ఉందా అని."

వాడు కాగితం మీద రాసి చూపించాడు. ఆమె అక్షరాలు కూడబలుక్కుంది. "ఆర్ యూ కంఫర్ట్... టేబుల్?" అని ఆగి, కాగితం దగ్గరికి తెచ్చుకుని చూసింది. "మధ్యలో టేబులెందుకొచ్చిందిరా? మేం వేసేది కుర్చీ కదా!"

చిన్నోడు నవ్వాడు. ఉత్తుత్తి నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. వంటగదిలోంచి తల్లి గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి కొడుకు ముఖం చూసి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వేసింది. వాళ్ళిద్దర్నీ చూసి అక్క కూడా నవ్వింది. ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినపడి చాలాకాలమైంది.

ఆ రోజు నుంచి సాయంత్రం పాఠం తప్పేది కాదు. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేసరికి వాడే తలుపు తీసి ఎదురుచూస్తుండేవాడు. "అక్కా, వచ్చావా? రా రా" అనేవాడు. ఆ పిలుపు కోసం ఆమె బస్సు దిగి గబగబా నడిచేది. తల్లి వేడివేడిగా టీ తెచ్చి ఇద్దరికీ చెరో గ్లాసు ఇచ్చేది. వాడు ఒక్కో మాటా రాసి చూపించేవాడు, ఆమె నోటికొచ్చినట్టు అనేది. వారం మధ్యలో వచ్చే రోజు పేరుని వెడ్నెస్‌డే అనేది, డబ్బు కడితే ఇచ్చే చీటీని రిసిప్ట్ అనేది. వాడు "ఊ, ఇంకోసారి" అనేవాడు. మళ్ళీ అనేది. "భలే. ఇంకోటి చూద్దాం" అనేవాడు.

ఇది తప్పు, ఇలా అను అని వాడు ఏ రోజూ చెప్పలేదు. అడిగితే, "ముందు భయం పోవాలక్కా. తప్పో ఒప్పో, నోరు తిరగనీ" అనేవాడు. అది వాడి పద్ధతేమో అనుకుంది. చదువుకున్నవాడు, వాడికి తెలియదా!

అయినా మేనేజరు పెట్టే ఇంటర్వ్యూ దగ్గరపడుతోంది. మనసాగక తనే ఫోన్లో వెతికింది. ఆసుపత్రిలో దుప్పట్లు, తలగడ గలీబులు మడతపెట్టి ఉంచే గది ఒకటుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని అందులో కూర్చుంటే ఎవరూ రారు. అక్కడ ఆమెకి ఇద్దరు గురువులు దొరికారు. ఒకావిడ జుట్టు నెరిసినావిడ, వీడియోలో నోరు ఒక్కటే పెద్దగా కనిపించేలా దగ్గరికొచ్చి, నాలుక ఎక్కడ పెట్టాలో, పెదవులు ఎంత తెరవాలో చూపిస్తుంది. అర్థం కాకపోతే వేగం సగానికి తగ్గించుకోవచ్చు. అప్పుడావిడ నిద్రలో మాట్లాడుతున్నట్టు సాగదీస్తూ చెబుతుంది, అక్కకి నవ్వొచ్చేది. రెండోది మనిషి కాదు, ఒక యాప్. అందులో ఏ మాట కొడితే ఆ మాట అన్న మనుషులంతా వరసగా వచ్చి అనేసి పోతారు. కోటు వేసుకున్న జడ్జి అంటాడు, గరిటె తిప్పుతున్న వంటాయన అంటాడు, విమానం నడిపే ఆమె అంటుంది, వెక్కి వెక్కి ఏడుస్తూ ఒక ముసలాయన అంటాడు. అందరూ అదే మాట. అక్క మడతపెట్టిన దుప్పట్లకి ఆనుకుని వాళ్ళందరి వెనకా అనేది.

అక్కడ తెలిసింది, ఆ మాటలో టేబులు లేదని. కంఫ్ దగ్గర పెదవి పంటికింద పడాలి. ఆ తర్వాతదంతా నలిగిపోయి, ఉందా లేదా అన్నట్టు జారిపోవాలి. కంఫ్‌టబుల్. రిసీట్‌లో ఒక అక్షరం రాస్తారు గానీ పలకరు. కూరగాయలనే మాటలోనూ టేబులు లేదు, వెజ్‌టబుల్స్ అంటే చాలు. రాసేదొకటి, పలికేదొకటి! "మనుషుల్లాగే ఉందే ఈ భాష కూడా" అని పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుంది.

ఇంట్లో కూడా గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ అవే మాటలు. తల్లి "ఏంటే గొణుగుడు" అంటే నవ్వి ఊరుకునేది. బాగా పట్టుబడ్డాక, తమ్ముడికి చూపించి ఆశ్చర్యపరచాలనుకుంది.

ఆ సాయంత్రం వాడు ఫోను పెట్టగానే నిటారుగా కూర్చుని అంది. "ఆర్ యు కంఫ్‌టబుల్?"

వాడి ముఖం వాడిపోయింది.

"అదేంటక్కా?"

"తప్పా?"

"తప్పని కాదు... ఎందుకలా సాగదీస్తున్నావు? ఎవరినో వెక్కిరిస్తున్నట్టుంది. నీకెలా వచ్చో అలాగే అను."

"నాకిప్పుడు ఇలాగే వచ్చురా. నేర్చుకున్నాను."

"ఎక్కడ?"

చెప్పింది. వాడు విసుగ్గా ఫోను ఆపేశాడు. "కనపడ్డవాళ్ళందరి దగ్గరా నేర్చుకుంటే నేనెందుకిక్కడ? రెండు పడవల మీద కాళ్ళేస్తే ఏమవుతుందో తెలుసుగా. వద్దులే ఇవాళ్టికి." తలుపు పడింది. తల్లి టీ గ్లాసులతో వచ్చి, మూసిన తలుపు చూసి, కూతురి వంక చూసింది. ఆ చూపులో, ఏం చేశావే అని ఉంది.

అక్క ఆ రాత్రి సరిగ్గా తినలేదు. నెరిసిన జుట్టావిడ తప్పు చెప్పిందా? జడ్జి, విమానం నడిపే ఆమె, అందరూ తప్పేనా? కావచ్చు. వాళ్ళెవరో, ఎక్కడివాళ్ళో. తమ్ముడైతే తనవాడు, తన మంచి కోరేవాడు. మర్నాడు వాడి తలుపు తట్టి, గదిలోకెళ్ళి కూర్చుని, "సరే, నువ్వు చెప్పినట్టే అంటాను" అంది. నేర్చుకున్న మాటని బలవంతంగా నోట్లోంచి తీసేసి, పాత మాటని వెతికి తెచ్చుకుంది. "కంఫర్ట్ టేబుల్." వాడు "అద్దీ!" అన్నాడు. తల్లి గుమ్మంలో ఊపిరి పీల్చుకుంది.

అలా ఆమె మధ్యాహ్నం దుప్పట్ల గదిలో ఒకటి నేర్చుకుని, సాయంత్రం తమ్ముడి గదిలో దాన్ని మరిచిపోతూ వచ్చింది.

ఆ మధ్య కొన్ని వింతలు జరిగాయి. బస్సులో ఇద్దరమ్మాయిలు ఆమెని చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. మందుల షాపతను చిల్లర ఇస్తూ ఊరికే నవ్వాడు. జాకెట్టు చిరిగిందేమోనని చూసుకుంది. చిన్నోడి గదిలో కొత్త లైటొచ్చింది, కొత్త కుర్చీ వచ్చింది. తల్లి అందరితో, "మావాడి వీడియోలకి ఇప్పుడు బాగా గిరాకీ" అని చెప్పుకోసాగింది. అక్క కూడా సంతోషించింది. వాడి పాఠాలు ఎవరెవరో వింటున్నారన్నమాట అనుకుంది.

ఒకరోజు ఆసుపత్రిలో ఒక పెద్దావిడకి చుక్కలు వేసి, మందు పట్టాక మిషను దగ్గరికి తీసుకొచ్చింది. "గడ్డం ఇక్కడ పెట్టండమ్మా. ఇంకాస్త ముందుకి. ఇబ్బందిగా లేదు కదా?" అంది, తెలుగులోనే.

ఆవిడ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. కానీ తల ఎత్తి, "ఈ గొంతు నేనెక్కడో విన్నాను" అంది. ఒక్క క్షణం ఆగి, "అయ్యో, మీరు కంఫర్ట్ టేబుల్ అక్క కదూ!" అని ఘొల్లున నవ్వింది.

"ఏ టేబులమ్మా?" అంది అక్క అయోమయంగా.

ఆవిడ ఇంకా నవ్వింది. "అచ్చం అలాగే! మా కోడలు రోజూ పెడుతుంది మీ వీడియోలు. అన్నం తినేటప్పుడు మాకు మీరు ఉండాల్సిందే. ఏదీ, ఒకసారి అనండి."

మధ్యాహ్నం దుప్పట్ల గదిలో ఫోను తీసి, ఆ మాట ఎలా పలకాలి అని కొట్టింది. ఎప్పుడూ వచ్చే నెరిసిన జుట్టావిడ కంటే పైన, మొట్టమొదట, తన ముఖమే వచ్చింది. నోరు తెరిచి ఉంది, ముఖం మీద అడ్డంగా ఎర్రటి గీతలు కొట్టి ఉన్నాయి. కింద పేరు: అక్క నోట ఇంగ్లీషు.

నొక్కింది.

తను మంచం అంచున కూర్చుని ఉంది. ఇంట్లో కట్టుకునే వెలిసిపోయిన చీర, డ్యూటీ నుంచి వచ్చిన జిడ్డు ముఖం. వెనక గుమ్మంలో గరిటెతో తల్లి. తను మాట అనగానే ఒక గాడిద ఓండ్రపెట్టిన చప్పుడు. మళ్ళీ మళ్ళీ అదే ముక్క, ముందుకీ వెనక్కీ. తర్వాత మూలలో చిన్న గళ్ళో చిన్నోడి ముఖం వచ్చింది. తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. "కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసే మా అక్కలాగా మీరు అనకండి ఫ్రెండ్స్" అని నవ్వి, సరైన మాట చెప్పాడు. పెదవి పంటికింద పెట్టి చూపించాడు. ముక్కలు ముక్కలుగా చేసి, నెమ్మదిగా, ఒకటికి పదిసార్లు చెప్పాడు. అర్థం కాకపోతే మళ్ళీ వెనక్కెళ్ళి చూడమన్నాడు. ఎవరో ముక్కూ ముఖం తెలియనివాళ్ళ మీద ఎంత ఓపిక! పక్కనే కూర్చున్న తనకి ఒక్కసారి అలా చెప్పి ఉంటే ఆ సాయంత్రమే వచ్చేసేది కదా అనుకుంది.

కింద జనం రాసినవి చదివింది. 'ఈమె చుక్కలు వేస్తే కళ్ళు పోతాయేమో' అని ఒకరు. 'నటనేమో, ఇంత మొద్దు ఉంటారా' అని ఇంకొకరు. పని గంట కొట్టారు. ఫోను మూసి, అన్నం డబ్బా తెరవకుండానే సంచిలో పెట్టేసి, వెళ్ళి చుక్కలు వేసింది. ఒక చుక్క గురి తప్పి ఒకరి బుగ్గ మీద పడింది. ఆమె చేతిలో అలా జరగడం అదే మొదలు.

ఇంటికెళ్ళేసరికి చిన్నోడు తలుపు తీసి నవ్వుతూ నిలబడ్డాడు. ఆమె ఫోను వాడి ముఖం ముందు పెట్టింది.

"ఇదేంట్రా?"

వాడు ఒక్క నిమిషం తడబడి, "ఓ, చూసేశావా" అన్నాడు. "నేనే చెబుదామనుకుంటున్నానక్కా. నీకెంత పేరొచ్చిందో తెలుసా?"

"పేరా? అందులో నా పేరెక్కడుంది?"

"అందరూ నిన్ను ఇష్టపడుతున్నారు. నువ్వు లేకపోతే నా వీడియోలు ఎవడు చూస్తాడు?"

"నన్నడిగావా?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోనని తెలిసే అడగలేదన్నమాట!"

తల్లి ఇద్దరి మధ్యకీ వచ్చింది. "గొంతు తగ్గించవే. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. ఏమైందిప్పుడు? నవ్వారు, అంతేగా. నవ్వినవాళ్ళ పళ్ళే బయటపడతాయి, నీకేం పోయింది?"

"అమ్మా, నీకు తెలుసా ఇది?"

తల్లి చీర కొంగు సర్దుకుంది. అదే జవాబని అక్కకి అర్థమైంది.

తమ్ముడి వైపు తిరిగింది. ఈసారి గొంతు పెంచలేదు. "ఊళ్ళోవాళ్ళందరికీ సరైన మాట చెప్పావు. ఇంత దగ్గర కూర్చున్నాను, నాకెందుకు చెప్పలేదురా?"

వాడు నేల చూపులు చూశాడు. "చెబితే నువ్వు నేర్చేసుకుంటావు కదక్కా."

ఆ మాటకి ఆమెకి ఏడుపు రాలేదు. వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు వాడు వీడియోలన్నీ తీసేశాడు. తీసేస్తూ, ఏదో దానం చేస్తున్నవాడిలా ఒక్కొక్కటీ చూపించి మరీ తీశాడు. కానీ అవి అప్పటికే వందమంది చేతుల్లో పడిపోయాయి. ఎవరెవరో ఆ ముక్కలు కత్తిరించుకుని, వాటికి పాటలు తగిలించి, తమ తమ పేర్ల మీద పెట్టుకున్నారు. వాటిని తీసేవాడెవడు!

అక్క మాత్రం ఇంటర్వ్యూ వదల్లేదు. నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా, చూద్దామనుకుంది. దుప్పట్ల గదిలో తలుపు వేసుకుని నెరిసిన జుట్టావిడతో పాటు అంది, జడ్జితో పాటు అంది, పైలట్‌తో పాటు అంది. పగబట్టినట్టు నేర్చుకుంది.

ఇంటర్వ్యూకి ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. బల్లకి అవతల డాక్టరుగారు, మేనేజరు, పెద్దాఫీసు నుంచి వచ్చిన ఒక మేడం. ఫోనులో అపాయింట్‌మెంట్ ఎలా ఇస్తావని అడిగితే ఇంగ్లీషులో చెప్పింది. పేషెంటు కోపంగా ఉంటే ఏమంటావని అడిగితే చెప్పింది. ఎక్కడా తడబడలేదు. డాక్టరుగారు తలూపారు. మేడం కాగితం మీద ఏదో రాసుకుంటూ, పెదాలు బిగబట్టుకుని మేనేజరు వైపు చూసింది. మేనేజరు ఆగలేకపోయాడు.

"అది ఒకసారి అనమ్మా."

"ఏది సార్?"

"అదేనమ్మా. పేషెంటుని అడుగుతావుగా."

అక్క నిటారుగా కూర్చుని, పెదవి పంటికింద పెట్టి, శుభ్రంగా అంది. "ఆర్ యు కంఫ్‌టబుల్, సర్?"

మేడం కొంచెం నిరాశగా కలం మూత పెట్టింది. "అలా కాదమ్మా, వీడియోలో అన్నట్టు" అన్నాడు మేనేజరు.

"ఇదే సరైనది సార్" అంది అక్క.

సాయంత్రం డాక్టరుగారే స్వయంగా పిలిచి చెప్పారు. మంచాయన, మెత్తగానే చెప్పారు. "నీ ఇంగ్లీషు బాగుంది. నేను ఊహించలేదు. కానీ ముందు హాల్లో నువ్వు కూర్చుంటే వచ్చినవాళ్ళు నవ్వుతారు, ఫోటోలంటారు. ఇది ఆసుపత్రి కదా. నీ తప్పేం లేదు, అర్థం చేసుకో."

ఆమె అర్థం చేసుకుంది. బయటికొస్తుంటే వరండాలో మేనేజరు ఎదురై, "ఏమనుకోకమ్మా, ఒక్క ఫోటో. మా ఇంట్లో అడుగుతున్నారు" అని పక్కన నిలబడి ఫోను పైకెత్తాడు. అక్క కదలకుండా నిలబడింది. నవ్వమన్నాడు గానీ నవ్వలేదు.

రిసెప్షన్‌కి బయటినుంచి ఒకమ్మాయి వచ్చింది. అక్క చుక్కల మందు దగ్గరే ఉండిపోయింది. వాళ్ళు గొంతు గుర్తుపడతారని రోగులతో మాట్లాడటం తగ్గించేసింది. చేత్తోనే భుజం తట్టి కూర్చోమనేది, చేత్తోనే గడ్డం సర్దేది. మూగమనిషేమోనని కొందరు జాలిపడేవాళ్ళు.

ఇంట్లో చిన్నోడితో మాటలు లేవు. వాడి గది తలుపు మళ్ళీ మూతపడింది. తల్లి మళ్ళీ గడప దగ్గర పళ్ళెం పెట్టి రావడం మొదలైంది. ఏమీ అనేది కాదు. కానీ కూతురికి అన్నం పెట్టేటప్పుడు గిన్నె కాస్త గట్టిగా కింద పెట్టేది.

కొన్నాళ్ళకి అక్క ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆ గదిలోంచి నవ్వులు వినిపించాయి. తలుపు ఓరగా తీసి ఉంది. మంచం అంచున తల్లి కూర్చుని ఉంది, తలకి నూనె రాసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని. ఎదురుగా స్టాండూ ఫోనూ. చిన్నోడు కాగితం పట్టుకుని, "ఊ, ఇంకోసారి" అంటున్నాడు. తల్లి ముఖం దీపంలా వెలుగుతోంది. అక్క చప్పుడు చేయకుండా తిరిగి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమెకి సెలవు. తల్లి వంటగదిలో కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతోంది. అక్క ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, వాడు నీకేం నేర్పడం లేదు. నన్ను చేసిందే నిన్నూ చేస్తున్నాడు. నలుగురూ నవ్వుతారు."

"తెలుసులేవే" అంది తల్లి తరగడం ఆపకుండానే.

"తెలిసి కూర్చుంటున్నావా?"

"నాకేమన్నా ఇంటర్వ్యూలున్నాయా, ఉద్యోగాలున్నాయా? నవ్వితే నవ్వనీ. వాడు నా పక్కన కూర్చుని మాట్లాడి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసా? నువ్వేదో అనేసి నీ పంతం నెగ్గించుకున్నావు. వాడు మళ్ళీ గదిలో పడ్డాడు. ఎంతకాలమని నేను తలుపుతో మాట్లాడుకోవాలి?"

తల్లి కాసేపు తరిగి, కత్తిపీట మీంచి చెయ్యి తీసి, గొంతు తగ్గించింది.

"ఒక చిక్కొచ్చిపడిందే. ఇవాళ వాడు కూరగాయల్ని ఇంగ్లీషులో అనిపిస్తానన్నాడు. నువ్వు ఇన్నాళ్ళూ గిన్నెల దగ్గర గొణిగావు చూడు, విని విని నాకది సరిగ్గా పట్టుబడిపోయింది. వెజ్‌టబుల్స్. చూశావా? అలాగే వచ్చేస్తోంది. అలా అంటే వాడి ముఖం మాడిపోతుంది, లేచి వెళ్ళిపోతాడు. రాని దానిలా ఎలా అనాలో కాస్త చెప్పవే."

అక్క తల్లి ముఖంలోకి చూసింది. ఆవిడ నిజంగానే అడుగుతోంది. బడికెళ్ళే పిల్ల పాఠం అప్పజెప్పే ముందు పడే గాభరా ఉంది ఆ కళ్ళలో.

"ముక్కలుగా విరువు" అంది అక్క చివరికి. "వెజి అని ఆగు. తర్వాత టేబుల్స్."

"వెజ్... టబుల్స్."

"కాదమ్మా. టేబుల్. బల్ల. బల్ల గుర్తుపెట్టుకో."

"వెజి... టేబుల్స్."

"ఊ. ఇంకోసారి."

"వెజిటేబుల్స్!" అంది తల్లి. ముఖం విప్పారింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని లేచి, "ఒరే చిన్నోడా, నేను రెడీరా!" అంటూ గది వైపు వెళ్ళింది.

అక్క కత్తిపీట తన వైపు తిప్పుకుని, మిగిలిన కూరలు తరగడం మొదలుపెట్టింది. కాసేపటికి గదిలోంచి చిన్నోడి నవ్వు వినపడింది, దాని వెనకే తల్లి నవ్వు.